ఒక అర్జీకి ఒక జీవి

దేశంలో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ తలపెట్టని పని ఒకటి మన జీవ సమన్వయ శాఖ మంత్రి అంకమ్మరావుగారు తలపెట్టారు. కోతి గొప్పదా, పెంకు పురుగు గొప్పదా అన్న సంగతి ఆరు వారాల్లో తేల్చేస్తామని గుంటూరులో విలేకరుల సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. పక్కనున్న అధికారి వంగి చెవిలో ఏదో చెప్పాక, "గొప్పదా అంటే నష్టం చెయ్యడంలో" అని సవరించారు. ఇంత పెద్ద స్థాయిలో ఉండి కూడా సవరించుకునే మనసున్న నాయకులు ఈ రోజుల్లో అరుదు.

"ఇది చారిత్రాత్మక నిర్ణయం. గత ప్రభుత్వాలు కోతిని కోతిగానే చూశాయి, పురుగుని పురుగుగానే చూశాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు" అన్నారు మంత్రిగారు.

గత ప్రభుత్వాల్లో కూడా ఆయన మంత్రే. కానీ అప్పుడు వేరే శాఖ.

వెనక వరసలో ఒక కుర్ర విలేకరి లేచాడు. "సార్, పక్కపక్కన పెడితే పురుగుని కోతి తినేస్తుంది కదండీ?"

"నెగటివ్ ప్రశ్నలు వద్దు బాబూ. టిఫిన్ చల్లారిపోతుంది."

నేను ఆ సమావేశంలోనే ఉన్నాను. పంతొమ్మిదేళ్లుగా మా మండలానికి విలేకరిని. మంత్రిగారికి నా పేరు తెలియదు గానీ ముఖం తెలుసు. కనిపిస్తే "ఏమోయ్" అంటారు. ఆ ఒక్క పిలుపు కోసం నేను ముప్పై కిలోమీటర్లు బండి మీద వెళ్లిన రోజులున్నాయి. కాబట్టి ఈ చారిత్రాత్మక నిర్ణయం ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో, కళ్లారా చూసినవాణ్ణిగా పాఠకులకు విన్నవించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అది పుట్టింది మా నాగులమిట్టలో, సుబ్బరావమ్మ చేసిన ఒక పొరపాటు వల్ల.

నాగులమిట్ట గుంటూరు నేలా ప్రకాశం నేలా ఒకదానికొకటి తగులుకునే చోట ఉంటుంది. ఒకవైపు నల్లరేగడి, ఒకవైపు కొండ. రేగడిలో మిరప పండుతుంది, కొండ మీద కోతులు పండుతాయి. సుబ్బరావమ్మ అక్కడ రెండెకరాలు కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో మిరప వేసింది. నల్లి వచ్చినా, తామరపురుగు వచ్చినా తట్టుకుని, నీళ్లు మోసి, కూలీలను బతిమాలి, కాయ కోయించి కళ్లంలో ఆరబోసింది. కళ్లమంటే ఇంకేం లేదు, కాయ ఎండబెట్టడానికి చదును చేసుకున్న నేల. ఎండిన కాయ గుప్పిట్లో పట్టుకుంటే గలగలమనాలి. అప్పుడు టిక్కీలకెత్తి, అంటే బస్తాల్లో తొక్కి, గుంటూరు యార్డుకు తోలాలి. ముప్పై టిక్కీలవుతుందని ఆమె అంచనా. ఉగాదిలోపు కౌలు ముట్టకపోతే చేను ఇంకొకరికిస్తానని ఆసామి ముందే చెప్పేశాడు. ఆ ముప్పై టిక్కీలూ ఇల్లు దాటితే చేను ఆమెది, లేకపోతే కాదు. లెక్క అంతే.

ఈలోగా కోతులు దిగాయి. మిరపకాయ కోతికి తిండి కాదు. అది ఒక కాయ కొరికి, నోరు మండి, పారేసి, ఇది మండదేమోనని ఇంకోటి కొరుకుతుంది. అంత ఆశాజీవి. దానికి తోడు పాత కాయలో నుంచి పెంకు పురుగు పాకింది. నువ్వుగింజంత ఉంటుంది, గోధుమరంగు. ఎండుకాయకు సూది బెజ్జం పెట్టి లోపలికి పోయి సంసారం చేసుకుంటుంది. పైకి చూస్తే కాయ నిగనిగలాడుతుంటుంది, విరిస్తే పిండి రాలుతుంది.

సుబ్బరావమ్మ తెలివైన మనిషి. అర్జీ పెట్టడానికి ముందే కోతుల సంగతి చూసుకుంది. కనిగిరి నుంచి సిలార్ అనే అతన్ని, అతని కొండముచ్చునూ పిలిపించుకుంది. కొండముచ్చును చూస్తే కోతులు ఆ చుట్టుపక్కల నిలబడవని మా ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ కొండముచ్చు పేరు మేస్త్రి. నల్లటి ముఖంతో, పొడుగాటి తోకతో కళ్లం గట్టు మీద కూర్చుని పనివాళ్లను చూసినట్టు కొండ వైపు చూస్తుండేది. కోతులు మూడు రోజుల్లో కనిపించకుండా పోయాయి. ఇక పురుగు సంగతి చూడమని అడుగుదామని సుబ్బరావమ్మ జీవ సమన్వయ శాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ పక్కనున్నావిడ, "ఎట్టాగూ వచ్చావు, కోతుల సంగతి కూడా రాయవే" అంటే రాసింది. అదే పొరపాటు.

కంప్యూటర్ ముందున్నతను అర్జీ చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఒక అర్జీకి ఒక జీవే అమ్మా. కోతా, పురుగా?"

"రెండూనండి."

"రెండుంటే ఎక్కదు. గడి ఒకటే ఉంది. ఎక్కువ నష్టం ఏది చేస్తుందో అది చెప్పు."

"నాకెట్టా తెలుస్తదయ్యా? తూకమేసి తింటాయా అవి?"

"కోతుల విభాగం పైన, రెండో అంతస్తు. పురుగుల విభాగం కింద. వాళ్లలో ఎవరో ఒకళ్లు ఒప్పుకుంటే రాసుకుంటాను."

పైన కోతుల విభాగానికి ప్రేమ్‌చంద్‌గారు అధిపతి. అర్జీ చూసి, ఇది కచ్చితంగా పురుగే అన్నారు. కింద పురుగుల విభాగానికి షఫీక్‌గారు అధిపతి. అర్జీ చూసి, ఇది కచ్చితంగా కోతే అన్నారు. ఇద్దరూ మర్యాదస్తులు. సుబ్బరావమ్మ నాలుగుసార్లు మెట్లెక్కి దిగింది. ఐదోసారి మెట్ల మీద కూలబడి, "అయ్యా, ఏదీ తినలేదని రాసుకోండి, నేనే తిన్నానని రాసుకోండి, మందన్నా ఇవ్వండి" అని గట్టిగా అంది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు లిఫ్టులోంచి దిగారు. వెనక నేనూ ఉన్నాను.

మంత్రిగారు విషయమంతా విన్నారు. పాపం, ఆయన పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కోతి తప్పంటే ఆంజనేయస్వామి భక్తులు ఊరుకోరు. పురుగు తప్పంటే పురుగుల మందు కంపెనీ వాళ్లు, మీ మందు పని చెయ్యలేదనా మీ ఉద్దేశం అని నొచ్చుకుంటారు. ఆ కంపెనీ వాళ్లే ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టించేది.

"తొందరపడి ఏ జీవికీ అన్యాయం చెయ్యకూడదు. కమిటీ వేద్దాం" అన్నారు.

కోతి-పెంకు పురుగు తులనాత్మక అధ్యయన కమిటీ అలా ఏర్పడింది. ప్రేమ్‌చంద్‌గారు అధ్యక్షులు, షఫీక్‌గారు సహాధ్యక్షులు. అధ్యయన స్థలం సుబ్బరావమ్మ కళ్లం.

మర్నాడు పొద్దున్నే మూడు కార్లు నాగులమిట్టలో దిగాయి. ప్రేమ్‌చంద్‌గారు దిగీ దిగగానే గట్టు మీది మేస్త్రిని చూసి ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటి?"

"కొండముచ్చండి. కోతుల్ని తోలుద్దని పెట్టుకున్నా" అంది సుబ్బరావమ్మ.

"రక్షిత జంతువమ్మా ఇది! పనిలో పెట్టుకుంటే కేసవుతుంది. పైగా ఇది ఇక్కడుంటే కోతులు రావు. కోతులు రాకపోతే మేం అధ్యయనం దేని మీద చెయ్యాలి?"

"రాకపోతే మంచిదే గదయ్యా?"

"నీకు మంచిదే. సైన్సుకు మంచిది కాదు."

మేస్త్రిని స్వాధీనం చేసుకున్నారు. తాడు విప్పి కారెక్కిస్తుంటే అది సిలార్ చెయ్యి వదల్లేదు. అతను లేకపోతే అది తిండి ముట్టదని తెలిసి, జాలిపడి, సిలార్‌ను కూడా ఎక్కించుకున్నారు. జంతు సంరక్షణ అంటే ఎంత లోతైన విషయమో నాకు ఆ రోజు అర్థమయింది.

తర్వాత కాయను రెండు భాగాలు చేశారు. మధ్యలో సున్నంతో గీత గీశారు. ఎడమ భాగం కోతులకు, కుడి భాగం పురుగులకు. కుడి భాగంలోకి కోతి రాకుండా వల కప్పారు. ఎడమ భాగంలోకి పురుగు పోకుండా, పొద్దుగూకేదాకా ఒక ఉద్యోగి భూతద్దంతో కూర్చోవాలని ఉత్తర్వు వేశారు. రెండిటి మధ్యా ఒక బోర్డు పాతారు: "ప్రభుత్వ అధ్యయన స్థలం. కాయ కదిలించరాదు."

"కాయ గలగలమంటుందయ్యా. రేపో ఎల్లుండో టిక్కీలకెత్తాలి" అంది సుబ్బరావమ్మ.

"ఎత్తుకుందువుగానీ. రిపోర్టు రాగానే."

"ఎప్పుడొస్తదండి?"

"ఆరు వారాలు."

"ఆరు వారాలకు ఉగాది దాటిపోద్దండి!"

"దాటితేనేం, అప్పటికి నీకు ఏ శత్రువుతో పోరాడుతున్నావో శాస్త్రీయంగా తెలిసిపోతుంది. అది చిన్న విషయమా?" అన్నారు ప్రేమ్‌చంద్‌గారు. ఇంత ఓపిగ్గా రైతుకు వివరించే అధికారిని నేను చూడలేదు.

ఇక్కడ మా ప్రాంతపు మర్యాద ఒకటి చెప్పాలి. మిరప కళ్లానికి వచ్చినవాళ్లను మేం వట్టి చేతుల్తో పంపం. అది అరిష్టం, అవమానం కూడా. పైగా మాఘమాసం దాటితే ప్రతి ఇంట్లోనూ ఆవకాయ మీదికే ధ్యాస పోతుంది. తోట కారం దొరికితే ఆ ఇల్లాలి ఆనందం వేరు. అందుకని సుబ్బరావమ్మ, కడుపులో ఎంత మంటగా ఉన్నా, "నాలుగు కాయలు తీసుకెళ్లండయ్యా, పచ్చట్లోకి" అంది.

"ఎందుకమ్మా, వద్దమ్మా" అన్నారు ప్రేమ్‌చంద్‌గారు, కారు డిక్కీ తెరుస్తూ.

"అసలు వద్దమ్మా" అన్నారు షఫీక్‌గారు, డిక్కీలోంచి సంచి తీస్తూ.

నాలుగు కాయలంటే మా భాషలో నాలుగు కిలోలు. డ్రైవర్లు ముగ్గురూ దూరంగా నిలబడి ఉంటే ఆమే పిలిచి ఇచ్చింది. వాళ్లూ మనుషులే కదా.

మొదటి వారంలోనే అధ్యయనానికి ఒక పెద్ద చిక్కు వచ్చింది. కుడి భాగంలో పురుగులు చాలడం లేదు. ఎడమవైపు పదహారు కోతులు ఉత్సాహంగా కొరికి పారేస్తుంటే, కుడివైపు షఫీక్‌గారు గంటసేపు వెతికి పదకొండు పురుగులు పట్టుకున్నారు. అందులో మూడు చచ్చినవి.

"ఇది పోటీ ఎలా అవుతుంది? మీ కోతులకు కొండంత బలగముంది. నా పురుగులకు ఎవరున్నారు?" అని షఫీక్‌గారు కమిటీ మీటింగులో కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశారు.

సమన్యాయం జరగాలని కమిటీ తీర్మానించింది. ఒంగోలు దగ్గర ఒక పాత పొగాకు గోడౌన్లో ఇదే జాతి పురుగు పుష్కలంగా ఉందని తెలుసుకుని, అక్కణ్ణుంచి నాలుగు డబ్బాల పురుగులు తెప్పించారు. ఎండకు చస్తాయేమోనని ఏసీ కారులో తెచ్చారు. డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి వల కింద వదులుతుంటే షఫీక్‌గారి ముఖంలో ఆడపిల్లను అత్తారింటికి పంపే తండ్రి కళ కనిపించింది.

సుబ్బరావమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యా! అయ్యా! పురుగు చంపమని అర్జీ పెట్టుకుంటే పురుగును తెచ్చి పోస్తారేందయ్యా?"

"ఇవి తాత్కాలికమమ్మా. అధ్యయనం అయిపోగానే తీసుకెళ్లిపోతాం."

"పురుగును ఎట్టా ఏరుకుపోతారండి?"

షఫీక్‌గారు ప్రేమ్‌చంద్‌గారి వైపు చూశారు. ప్రేమ్‌చంద్‌గారు కొండ వైపు చూశారు. దాని మీద ఒక ఉపకమిటీ వేద్దామని చివరికి ఇద్దరూ అనుకున్నారు.

పురుగులు పెరగడంతో ఇప్పుడు కోతులవైపు వెనకబడింది. వచ్చిపోయే జనాన్ని చూసి కోతులు బెదిరి రెండు రోజులు కొండ దిగలేదు. ప్రేమ్‌చంద్‌గారు గాభరాపడి గెలలకు గెలలు అరటిపళ్లు తెప్పించి కళ్లం చుట్టూ పెట్టించారు. కోతులు వచ్చాయి. వస్తూ వస్తూ పక్క కొండవాళ్లను కూడా పిలుచుకొచ్చాయి. పళ్లు తిని, నోరు తీపెక్కి, కాయ మీద పడ్డాయి. "ఇప్పుడు పోటీ సమానంగా ఉంది" అన్నారు ప్రేమ్‌చంద్‌గారు తృప్తిగా. నేనూ అలాగే వార్త రాశాను.

ఈ అధ్యయనం కీర్తి నాలుగు దిక్కులా పాకింది. ఉపకమిటీ వచ్చింది. ఉపకమిటీ పని తీరు చూడడానికి పరిశీలకుల బృందం వచ్చింది. శిక్షణలో ఉన్న కొత్త ఉద్యోగులు బస్సులో వచ్చారు. మంత్రిగారి వియ్యంకులవారు తిరుపతి వెళ్తూ, దారిలో ఉందని చూసి వెళ్లారు. వచ్చినవాళ్లందరూ ముందు కోతుల భాగం దగ్గర ఫోటో, తర్వాత పురుగుల భాగం దగ్గర ఫోటో దిగి, ఆఖర్న "నమూనా" అనేవారు. మొదట్లో నమూనా కవర్లో పట్టేది. తర్వాత సంచి అయింది. బస్సులో వచ్చినవాళ్లు పైన లగేజీ కట్టే తాళ్లు కూడా తెచ్చుకున్నారు. కాయ కదిలించరాదని బోర్డుంది కదా అని సుబ్బరావమ్మ ఒకసారి అడిగింది.

"అది నీకమ్మా. మేం అధ్యయనం చేస్తున్నాం" అన్నారు.

ఏ భాగంలోంచి తియ్యాలన్న విషయంలో మాత్రం అందరూ ఏకాభిప్రాయంతో ఉండేవారు. కోతి కొరకనిదీ పురుగు పట్టనిదీ చూసి ఏరుకునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి సుబ్బరావమ్మ గట్టు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. అవతల సిలార్. స్పీకర్ పెట్టి ఉంది.

"ఏరా సిలారూ, ఎక్కడున్నావురా?"

"మంగళగిరిలో అక్కా. మంత్రిగారి గెస్ట్ హౌస్‌లో."

"అక్కడేం పనిరా నీకు?"

"మేస్త్రిని సంరక్షణ కింద ఇక్కడ పెట్టారక్కా. ఈ ఇంటి చుట్టూ బాగా కోతులున్నాయంట, బట్టలు ఆరేస్తే ఎత్తుకపోతున్నాయంట. మేస్త్రి వచ్చిన కాణ్ణుంచి ఒక్కటి కనపడితే ఒట్టు. అమ్మగారు రోజూ బాదంపప్పు పెడుతున్నారు దానికి. తిని తిని ఒళ్లు చేసింది."

"రక్షిత జంతువు, పనిలో పెట్టుకుంటే కేసన్నారు గదరా?"

"ఇది పని కాదంటక్కా. బస అంట."

సుబ్బరావమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "విలేకరిగారూ, మీరు పేపర్లో రాయండి బాబూ. ఉగాది పన్నెండు రోజులుంది. మంచి కాయ ఒక పది టిక్కీలన్నా ఉంటది ఇంకా. ఎత్తుకోనిస్తే చాలు, ఆసామి కాళ్లన్నా పట్టుకుంటా."

నేను రాశాను. "అధ్యయనం పట్ల మహిళా రైతు ఆసక్తి" అని వచ్చింది. శీర్షిక నాది కాదు, డెస్కు వాళ్లది. అయినా తప్పేముంది, ఆసక్తి ఉన్న మాట నిజమే కదా.

ఉగాది వెళ్లిన నాలుగో రోజున నివేదిక విడుదల. సభ ఎక్కడ పెట్టాలా అని కమిటీ ఆలోచించి, చివరికి సుబ్బరావమ్మ కళ్లంలోనే పెట్టారు. చదునైన నేల, విశాలంగా ఉంది, అడ్డంగా కాయ కూడా లేదు. షామియానా, ఎర్ర తివాచీ, మూడొందల కుర్చీలు. అక్కడ కాయ ఉన్న రోజుల్లో కూడా నేల అంత ఎర్రగా కనిపించలేదు.

మంత్రిగారు ఆ రోజు మాట్లాడినట్టు ఎప్పుడూ మాట్లాడలేదు.

"కోతీ పురుగూ రెండూ దేవుడి సృష్టే. కానీ తేడా చూడండి! కోతి ఒక కొమ్మ మీద ఉండదు. ఇవాళ ఈ కొమ్మ, రేపు ఆ కొమ్మ. ఎక్కడ పండు ఉంటే అక్కడికి గెంతుతుంది. పురుగు అలా కాదు. పుట్టినచోటే ఉంటుంది, విశ్వాసంగా ఉంటుంది, లోపల్లోపలే తింటుంది. ఎవరికీ కనపడదు. ఈ రెండు గుణాల్లో ఏది గొప్పదో నేను చెప్పలేను. రెండు రకాలవాళ్లూ మన సమాజానికి అవసరమే!"

వేదిక మీద ఎడమవైపు, వేరే పార్టీలోంచి కొత్తగా వచ్చినవాళ్లు కూర్చున్నారు. కుడివైపు పార్టీలో మొదట్నుంచీ ఉన్నవాళ్లు కూర్చున్నారు. రెండు వైపుల నుంచీ చప్పట్లు మోగాయి. తమ గురించి మంచిమాట అన్నారని ఎవరికి వాళ్లు అనుకున్నట్టున్నారు.

ప్రేమ్‌చంద్‌గారు నివేదిక చదివారు. మొత్తం కాయలో కోతి వల్ల నష్టం నూటికి తొమ్మిది పాళ్లు. షఫీక్‌గారు అందుకున్నారు. పురుగు వల్ల నష్టం నూటికి తొమ్మిది పాళ్లు. రెండూ సమానం! ఏ జీవికీ అన్యాయం జరగలేదు. ఏ విభాగానికీ తలవంపులు రాలేదు. వాళ్లిద్దరూ వేదిక మీదే కౌగిలించుకున్నారు. మిగిలిన ఎనభై రెండు పాళ్ల గురించి కమిటీని ఎవరూ అడగలేదు కాబట్టి కమిటీ కూడా చెప్పలేదు.

"ఇప్పుడు మన మహిళా రైతు సుబ్బరావమ్మగారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు మైకులో.

ఆమె వేదికెక్కింది. ఉతికిన చీర కట్టుకుంది. ఆసామి ఆ చేను వేరేవాళ్లకు మాట ఇచ్చేశాడని ఊళ్లో అప్పటికే అందరికీ తెలుసు. మంత్రిగారు స్వయంగా మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"చెప్పమ్మా, భయపడకు. ప్రజాస్వామ్యం ఇది. రెండింటినీ దగ్గరుండి చూశావు. కోతికీ పురుగుకీ నువ్వు గమనించిన తేడా ఏంటి?"

"తేడా ఏముందయ్యా" అంది సుబ్బరావమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "కోతి కడుపు నిండితే కొండెక్కుద్ది. పురుగు కాయలోనే పుట్టి కాయలోనే చస్తది. రెండూ తిన్నాయి. కాకపోతే ఒక్కటండి. ఆ రెండిట్లో ఏదీ సంచి తెచ్చుకోలేదండి."

షఫీక్‌గారు నివేదికలో ఏదో పేజీ వెతుక్కోవడం మొదలుపెట్టారు. ప్రేమ్‌చంద్‌గారు మంచినీళ్ల సీసా మూత తిప్పుతూనే ఉన్నారు, అది ఎప్పుడో ఊడింది. నేను ముందు వరసలో ఉన్నాను. నా కుర్చీ కింద ఉన్నదాన్ని కాలితో ఇంకొంచెం లోపలికి తోశాను.

గొప్ప నాయకుడి గొప్పతనం అలాంటప్పుడే బయటపడుతుంది. మంత్రిగారు తేరుకుని మైకు లాక్కున్నారు.

"విన్నారా! సంచులు! ఈ తల్లి బాధ సంచులు! పంట పండించుకున్న రైతుకు ఎత్తుకోవడానికి సంచి లేదు! గత ప్రభుత్వాలకు ఇది పట్టిందా? అందుకే ఈ వేదిక మీద నుంచే ప్రకటిస్తున్నాను. ఈ మండలంలో ప్రతి మిరప రైతుకూ ముప్పై సంచులు ఉచితం! మొదటి ముప్పై సుబ్బరావమ్మగారికి!"

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. అప్పటికప్పుడు సంచులు వచ్చాయి. ఒకవైపు మంత్రిగారి బొమ్మ, ఒకవైపు పురుగుల మందు కంపెనీ బొమ్మ. దండ వేసినట్టు ఆమె చేతుల్లో ముప్పై పెట్టి ఫోటో తీశారు. ఆ దొంతర వెనక ఆమె ముఖం కనపడలేదు గానీ, మంత్రిగారి ముఖం బాగా వచ్చింది. ఫోన్లోనే నేను వార్త పంపించేశాను. "సంచులు కోరిన మహిళా రైతు, క్షణాల్లో మంజూరు చేసిన మంత్రి." ఈసారి శీర్షిక నాదే.

సభ అయిపోయింది. కార్లన్నీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి. షామియానా వాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. నేను కూడా బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కాను. ఎందుకో ఆ రోజు ఆమెకు చెప్పి రాబుద్ధి కాలేదు.

"బాబూ! విలేకరిగారూ! ఆగండి!"

వెనక్కి తిరిగి చూస్తే సుబ్బరావమ్మ. ఎండలో ఆయాసపడుతూ పరిగెత్తుకొస్తోంది. చేతిలో నా సంచి. పొద్దున్న సభకు ముందే నేను ఆమె ఇంటికి వెళ్లి, మా ఇంట్లోవాళ్లు కాయలు అడుగుతున్నారని అంటే, కళ్లంలో ఇంకేం లేదని చెప్పి, ఇంట్లో తన కారానికని కుండలో దాచుకున్న కాయల్లోంచి పోసిచ్చింది.

"కుర్చీ కింద మర్చిపోయారు బాబూ. వట్టి చేతుల్తో పోతారా మా ఇంటి కాణ్ణుంచి?" అంటూ బండి కొక్కేనికి తనే తగిలించింది.

తీసుకోకపోతే నొచ్చుకుంటుందని తీసుకున్నాను. ఈసారి మా ఇంట్లో ఆవకాయ బాగా కుదిరింది.